గోనెసంచి కుట్టు

పోయిన వారం సంచికలో మీరు నన్ను మోకాళ్ళ మీద వదిలేసి వెళ్ళారు. మా తెలుగు సంఘంలోని పదకొండు కుటుంబాల ముందు, ఆదివారం ఆరాధనలో నా అంతట నేను లేచి, మోకరించి, నా చెల్లెలు లూసీ తల పగలడానికి కారణం నేనేనని ఒప్పుకున్నాను. వాళ్ళ పెరట్లో నేను పరిచిన ప్లాస్టిక్ గడ్డికి అతుకు విడిపోయిందనీ, ఆ సందులో కాలు తట్టుకుని అది సిమెంటు గట్టు మీద పడిందనీ, నా అశ్రద్ధే నా తోడబుట్టినదాన్ని నాలుగు రోజులు స్పృహ లేకుండా పడేసిందనీ చెప్పి భోరున ఏడ్చాను. సంఘపెద్ద ప్రేమానందం గారు నా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. లూసీ మొగుడు జయరాజు అందరికంటే ముందు లేచి వచ్చి, "నేను క్షమించేశానండీ వదినగారూ" అన్నాడు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు.

ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోబుద్ధవుతోంది.

మా వాళ్ళకిదొక జబ్బు లెండి. ఏదైనా చెడు జరిగితే ఎవరు ముందు లేచి "తప్పు నాదే" అంటే వాళ్ళే భక్తిపరులు. పెదనందిపాడులో మా సంఘంలో పక్కింటి కోడి మాయమైనా సరే ఎవరో ఒకరు లేచి ఒప్పుకునేవాళ్ళు, తిన్నవాడు తప్ప. ఆ అలవాటు నాతోపాటు విమానమెక్కి కాలిఫోర్నియా దాకా వచ్చింది. ఆసుపత్రికి వచ్చిన పోలీసతను నోట్‌బుక్ తీసి ఏం జరిగిందని అడిగితే, అది పడ్డప్పుడు అక్కడ లేనిదాన్ని నేను, జయరాజు చెప్పిన మాట పట్టుకుని "మై మిస్టేక్, మై మిస్టేక్" అని గుండెలు బాదుకుని అతను చూపించిన చోట సంతకం పెట్టేశాను. లూసీకి తెలివొచ్చాక చూడబోతే అది మొహం గోడవైపు తిప్పుకుంది. పక్కన కుర్చీలో కూర్చుని నారింజపండు వలుస్తున్న జయరాజు, "కోపం తగ్గలేదండీ. కొంచెం టైమివ్వండి" అన్నాడు. నిజమే కాబోలనుకున్నాను.

శనివారం పొద్దున పదింటికి లూసీని డిశ్చార్జ్ చేస్తున్నారు. ప్రేమానందం గారు తన కార్‌లో తీసుకొస్తానన్నారు. ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థనకి ఏర్పాట్లు చూసుకోవాలని జయరాజు ఉండిపోయాడు. నా చెల్లెలు మళ్ళీ ఆ పెరట్లో కాలు పెట్టేలోపు ఆ అతుకు బాగు చెయ్యకపోతే నా బతుకెందుకనుకుని, పొద్దున తొమ్మిదికల్లా వ్యాన్‌లో సామానేసుకుని వెళ్ళాను.

ఈ గడ్డి గోల ఏమిటో కొత్తగా చదివేవాళ్ళకి చెప్పాలి. కిందటేడు, డెబ్భయ్యేడులో, శాంటా క్లారా లోయలో చుక్క వాన లేదు. గడ్డికి నీళ్ళు పెడితే ఫైన్ వేస్తామన్నారు. తెల్లదొరలు పచ్చదనం పోయిందని బెంగపెట్టుకుంటే, మా ఆయన ప్లాస్టిక్ గడ్డి చుట్టలు తెచ్చి పెరళ్ళలో పరిచే పని మొదలెట్టాడు. రెండు నెలలు తిరక్కుండా ఒక చుట్ట ఎత్తబోయి నడుం పట్టేసి మంచమెక్కాడు. ఆయన పని నా మోకాళ్ళకొచ్చింది.

ఇక్కడి మట్టి అచ్చం మా నల్లరేగడే. దాని మీద కంకర పోసి, దిమ్మిసతో కొట్టి గట్టిచేసి, అప్పుడు గడ్డి పరవాలి. అందరూ అతుకుల్ని జిగురుతో అంటించి ఊరుకుంటారు. రేగడి మీద ఒట్టి జిగురు ఆగదు; ఎండకి లాగేస్తుంది, వానకి నెట్టేస్తుంది. అందుకని నేను జిగురుపెట్టి, పైన కుడతాను కూడా. చేపల గాలానికి కట్టే నైలాన్ దారం, జానెడు దబ్బనం. మా అమ్మ గుంటూరు మిరపకొట్లలో బస్తాల మూతులు కుట్టేది, ఆ కుట్టే. దానికొక గుణముంది. కొసన ముడి విప్పి లాగారా, మొత్తం ఒక్క ఊపున ఊడొస్తుంది. ముడి ఉన్నంతసేపు ఎద్దులు లాగినా గోనె చిరగాల్సిందే గానీ కుట్టు వదలదు.

పక్క గేటు తీసి జయరాజు నవ్వుతూ నిలబడ్డాడు. కాకినాడ మిషన్ కాంపౌండ్‌లో పెరిగిన మనిషి, నోరు తెరిస్తే 'అండీ' లేకుండా మాట రాదు.

"మీకెందుకండీ వదినగారూ ఈ శ్రమ? సోమవారం ట్రక్ బుక్ చేశాను. అంతా పీకించేసి సిమెంట్ పోయించేస్తాను."

"సోమవారం దాకా నా చెల్లెలు గాల్లో నడుస్తుందా?" అన్నాను. "పక్కకి జరగండి."

ఏదో అనబోయాడు. లోపల ఫోన్ మోగింది. అవతల ప్రేమానందం గారు కాబోలు, వెనక్కి వెనక్కి చూస్తూ లోపలికి వెళ్ళాడు.

అతుకు మీద టార్పాలిన్ కప్పి నాలుగు వైపులా ఇటుకలు పెట్టి ఉన్నాయి. పన్నెండు రోజులుగా నన్ను ఆ చోటికి రానివ్వలేదు. చూస్తే ఇంకా బాధపడతారండీ అనేవాడు. సామాను పక్కన దించి, ఇటుకలు తీసి టార్పాలిన్ లాగాను. నాలుగడుగుల పొడవున అతుకు నోరు తెరుచుకునే ఉంది. చూడగానే ఏడుపు ముంచుకొచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని రెండు వైపులా గడ్డిని వెనక్కి మడిచాను.

కింద కంకర పళ్ళెంలో పోసిన బియ్యంలా సమంగా ఉంది. నేను డెబ్భయ్యేడు జూలైలో ఎలా కొట్టి పెట్టానో అలాగే. ఉబ్బలేదు, కుంగలేదు. పారతో కంకర పక్కకి లాగి, మూరెడు గుంట చేసి మట్టి చూశాను. నెల్లాళ్ళుగా పడుతున్న వానకి రేగడి తాగి తాగి బలిసి, జిగటగా, నల్లగా మెరుస్తోంది. వెంట్రుకవాసి పగులు లేదు.

ఎలా ఉంటుంది? ఫిబ్రవరిలో, వానల్లో, రేగడి ఎక్కడన్నా పగులుతుందా? అది మే నెలలో నోరు తెరుస్తుంది. దూడ కాలు పడితే విరిగేంత. వాన పడిందా, ఉన్న పగుళ్ళన్నీ మూసుకుపోతాయి. అతుకు పైకి ఉబికితే ఉబకాలి, సందు మాత్రం ఇవ్వదు. రేగడి చేలో పుట్టిన నాకు ఆ మాత్రం తట్టలేదు. నా బుద్ధి గడ్డి తినిందా? ఏడవడంలో మునిగిపోయి ఆలోచించడం మరిచిపోయాను.

అప్పుడు కుట్టు చూశాను. అటు కొసన ముడి ఉంది. ఇటు కొసన ముడి ఉంది. నేను వేసిన ముడులే, బిగువు కూడా సడలలేదు. మధ్యలో ప్రతి కుట్టూ తెగి ఉంది. తెగిన కొసలు పీచులేవకుండా, బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉన్నాయి. ముప్ఫై ఒక్క కుట్లు, ముప్ఫై ఒక్క కోతలు. మట్టి చేతికి కత్తెవరిచ్చారు?

తెగిన దారం ముక్కలు గుప్పెడు ఏరి చొక్కా జేబులో వేసుకున్నాను.

"కాఫీ తీసుకోండి వదినగారూ."

తలెత్తాను. పొగలు కక్కే కప్పు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు జయరాజు.

"ఈ కుట్టు ఎవరు కోశారు?"

"ఏదండీ?" వంగి చూశాడు. "తెగిపోయుంటదండీ. మీరేగా చెప్పారు? క్లే సాయిల్ అండీ ఇది, క్రాక్ అయితే దేన్నైనా చింపేస్తుందని. మొన్న ఎండాకాలం స్కేలు పెట్టి కూడా చూపించారు."

నేను చెప్పిన పాఠమే నాకు అప్పజెబుతున్నాడు. ఎండాకాలం పాఠం వానాకాలంలో అప్పజెబుతున్నాడు. కాలికి మట్టంటకుండా పెరిగినవాడికి రేగడి ఎప్పుడు పగులుతుందో ఏం తెలుసు!

"ఇది మట్టి చింపింది కాదు. నువ్వు కోసింది." అయిదేళ్ళుగా ఇంటల్లుడని 'మీరు' అన్న నోరు దానంతటదే 'నువ్వు'లోకి దిగింది. "నా చెల్లెల్ని పడేసి, తర్వాత వచ్చి ఇది కోశావు. అవునా, కాదా?"

జయరాజు గేటు వైపు ఒకసారి చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా, చెట్టుకి నీళ్ళు పోసినట్టు, కప్పులో కాఫీ నా కుడిచేతి మీద పోశాడు.

కెవ్వుమని చెయ్యి లాక్కున్నాను. చర్మం అప్పటికే ఎర్రగా కమిలిపోయింది.

"అరవకండి. చుట్టుపక్కల దొరలున్నారు, బాగోదు," అన్నాడు. "ఇప్పుడు మీరేం చెప్పినా ఎవరు నమ్ముతారండీ? సంఘంలో అందరి ముందూ ఒప్పుకున్నారు. పోలీస్ స్టేట్‌మెంట్‌లో సైన్ చేశారు. నేనేం చెప్పమన్లేదే! మీరే చెప్పుకున్నారు. ఆ రోజు రాత్రి నేను ఎంత స్తోత్రం చేసుకున్నానో మీకు తెలీదు."

"ఏం చేసిందిరా నా చెల్లెలు?"

"ఏం చేసిందా? నాకు చెప్పకుండా మూడు నెలలు ఎవత్తి కార్‌లోనో డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్స్ తెచ్చుకుందండీ. తెచ్చి టేబుల్ మీద పెట్టి కార్ కీస్ ఇమ్మంది. నన్నండీ!"

"అందుకని తోశావా?"

"తోయలేదండీ. జుట్టు పట్టుకుని గట్టుకేసి కొట్టాను."

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదండీ," అన్నాడు. "ఆ దారం ముక్కలు ఇలా ఇచ్చేయండి."

నేను లేవబోయాను. అతను నా జడ పట్టుకున్నాడు. చేతికి రెండు చుట్లు తిప్పుకుని ఒక్క గుంజు గుంజేసరికి నేను తవ్వుకున్న గుంటలోనే బోర్లా పడ్డాను. వీపు మీద మోకాలు పెట్టాడు. రెండో చేత్తో నా తల పట్టి రేగడిలోకి నొక్కాడు. కళ్ళలో రేగడి, ముక్కులో రేగడి, అరుద్దామని నోరు తెరిస్తే నోటినిండా రేగడి. ఊపిరి లేదు. మీద నుంచి ఆ గొంతు మాత్రం వినిపిస్తూనే ఉంది. "ఎక్కడ పెట్టారండీ? జేబులోనా? ఇచ్చేస్తే వదిలేస్తానండీ."

చావు ఇలా ఉంటుందన్నమాట అనిపించింది. లూసీకి కూడా ఇలాగే అనిపించి ఉంటుంది. ఆ ఆలోచన రాగానే నాకు పిచ్చెక్కింది. కాలిన చేత్తోనే తడుముకుంటే కంకర మీద దబ్బనం తగిలింది. పిడికిట్లో ఇరికించుకుని, చూడకుండానే వెనక్కి తిప్పి, అందిన చోట దింపాను. తొడలో సగం దాకా దిగింది. నేను దాన్ని తిప్పాను కూడా.

జయరాజు అరిచిన అరుపుకి వెనక వీధిలో కుక్కలు మొరిగాయి. అయిదేళ్ళలో మొదటిసారి అతని నోట 'అండీ' లేని మాట విన్నాను. అది ఇక్కడ రాయను.

పక్కకి దొర్లి మట్టి ఊశాను. లేచేలోపు బూటుకాలితో పక్కటెముకల మీద తన్నాడు. లోపల ఏదో పుటుక్కుమంది. మళ్ళీ తన్నాడు. తొడలోంచి దబ్బనం పీకి కంచెవైపు విసిరేసి, నా సామాన్లోంచి రబ్బరు సుత్తి అందుకున్నాడు. రబ్బరు సుత్తికి చప్పుడుండదు. ఎముకకి మాత్రం బాగా తెలుస్తుంది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది తలకి గురిపెట్టాడు. నేను చెయ్యి అడ్డం పెడితే మోచేయి మొద్దుబారిపోయింది.

"ఒక్కత్తికి బుద్ధి చెప్పాను, అక్కకి కూడా చెప్పాలా?" అని రొప్పుతూ మూడోసారి ఎత్తాడు.

దిమ్మిస నా తల దగ్గరే పడి ఉంది. ఇనప పాదం, చెక్క కర్ర, ఎనిమిది నెలలుగా రోజూ నేనెత్తి దించుతున్న బరువు. మగాళ్ళకి అది గుర్తుండదు, ఆడది మోకాళ్ళ మీద పనిచేస్తే బలహీనురాలనుకుంటారు. కర్ర రెండు చేతులా పట్టుకుని కూర్చున్న చోటు నుంచే అడ్డంగా తిప్పాను. ఇనుము అతని దవడకి తగిలింది. సుత్తి ఎగిరి ఎక్కడో పడింది. మనిషి గిర్రున తిరిగి వెల్లకిలా పడి, రెండు పళ్ళు ఉమ్మాడు. తెల్లగా ఉన్నాయి, నా పచ్చగడ్డి మీద.

నేను లేచాను. ఎలా లేచానో తెలియదు. అతని మొహానికి సరిగ్గా పైన దిమ్మిస నిలువుగా ఎత్తాను. రేగడి మీద కంకర కొట్టేటప్పుడు ఎంత ఎత్తుతానో అంత. దింపితే అయిపోతుంది. చంపేసేదాన్ని, అబద్ధమెందుకు?

"కరుణమ్మా! సిస్టర్! అయ్యో ప్రభువా, ఏంటిది?"

గేటు దగ్గర ప్రేమానందం గారు. ఆయన చెయ్యి పట్టుకుని లూసీ.

జుట్టంతా గొరిగేశారు దానికి. చెవుల దాకా తెల్లటి కట్టు. నలభై కిలోలు కూడా ఉండదు. నా వైపు చూస్తోంది, నా చేతుల్లో ఉన్నదాని వైపు చూస్తోంది, కింద ఉన్నవాడి వైపు మాత్రం చూడటం లేదు. నేను దిమ్మిస దించాను, పక్కకి.

జయరాజు మోచేతి మీద లేచి నోట్లో నెత్తురు తుడుచుకున్నాడు. 'అండీ' మళ్ళీ వచ్చేసింది. "చూశారాండీ పెద్దాయనగారూ? అపరాధం మొయ్యలేక మతి చలించిందండీ ఆవిడకి. కాఫీ ఇద్దామని వస్తే మీద పడిందండీ."

"కరుణమ్మా..." అన్నారు ప్రేమానందం గారు. మంచివాడే ఆయన. మంచివాళ్ళతోనే వచ్చింది చిక్కంతా.

"వీడే కొట్టాడు దాన్ని," అన్నాను. జేబులోంచి దారం ముక్కలు తీసి చాపాను. "అతుకు దానంతటది విడిపోలేదు. చూడండి, ప్రతి కుట్టూ కత్తితో కోశాడు. వాడి నోటితోనే చెప్పాడు నాకు."

"దారం ముక్కలు చూపించి మనిషిని చంపుతావామ్మా? మొన్న ఆదివారం దేవుని సన్నిధిలో నువ్వే కదా ఒప్పుకున్నావు?"

"తెలియక ఒప్పుకున్నా. వెనక్కి తీసుకుంటన్నా."

"ఒప్పుకోలు వెనక్కి తీసుకునేది కాదమ్మా. తప్పు నాదని నువ్వే అన్నాక, ఇప్పుడు ఇంకొకరి మీదకి తోస్తే..."

"అక్కా."

పన్నెండు రోజుల తర్వాత అది నన్ను పిలవడం అదే. గొంతు పీలగా, నీళ్ళలోంచి వచ్చినట్టుంది.

"నేను చెప్పానక్కా," అంది లూసీ. "తెలివి రాగానే చెప్పాను. పోలీసతన్ని పిలిపించమని నర్సుని బతిమాలాను. అతను వచ్చాడు. అంతా చెప్పాను, ఇంగ్లీషులో, ఒక్కో మాటా కూడబలుక్కుని. అతను నోట్‌బుక్ తిరగేసి చూసి, యువర్ సిస్టర్ ఆల్రెడీ అడ్మిటెడ్ ఇట్ అన్నాడు. నీ సంతకం చూపించాడక్కా. తలకి దెబ్బ తగిలితే లేనిపోనివి గుర్తొస్తాయి, రెస్ట్ తీసుకో అని వెళ్ళిపోయాడు." నా మొహంలోకి చూసింది. "ఎందుకొప్పుకున్నావే? నువ్వు కూడా ఆయన వైపే అనుకున్నాను. ఇంక నాకెవరూ లేరనుకున్నాను."

ఆ సుత్తితో నా తల పగలగొట్టినా బాగుండేది. గోడవైపు తిరిగిన దాని మొహం, నేను ఏడ్చిన ఏడుపు, ఆడవాళ్ళ కొంగులు, నెత్తిన పెట్టిన చెయ్యి, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. వాడు దాని తల పగలగొట్టాడు. దాని నోరు మూసింది నేను. భక్తిగా, మోకాళ్ళ మీద కూర్చుని మరీ మూశాను.

ప్రేమానందం గారి చెయ్యి నోటికి వెళ్ళింది. "లూసీ... అమ్మా... నిజమా?" అన్నారు. కార్‌లో పావుగంట పక్కన కూర్చోబెట్టుకుని తెచ్చిన పెద్దమనిషి అప్పుడడిగాడు ఆ ముక్క.

నేను దాని దగ్గరికి వెళ్ళబోయాను. పక్కటెముక గుచ్చుకుని నడుము వంగిపోయింది. ఆ ఒక్క క్షణం చాలింది వాడికి. కుంటుకుంటూనే లేచి, నాకూ ప్రేమానందం గారికీ మధ్య నుంచి వెళ్ళి, లూసీని పట్టుకున్నాడు. చెయ్యి కాదు, కట్టు కట్టిన తలని పట్టుకున్నాడు. అది అరవలేదు, అలవాటైనదానిలా మెడ వంచేసింది. ఈడ్చుకుంటూ వరండా గాజు తలుపు దాటించాడు. ప్రేమానందం గారు చెయ్యి చాపారు గానీ అడుగు వెయ్యలేదు. తలుపు జారింది. లోపల గడియ పడింది.

"జయరాజూ! తలుపు తియ్యి!" నేను గాజు మీద బాదాను. తెర లాగేశాడు. లోపల కుర్చీ ఏదో పడింది. తర్వాత ఇంకొకటేదో పడింది, అది కుర్చీ కాదు.

"తొందరపడకు కరుణమ్మా," ప్రేమానందం గారు నా భుజం పట్టుకున్నారు, సుత్తి తగిలిన భుజమే. "భార్యాభర్తల మధ్య... పోలీసుల్ని పిలుద్దాం. నేను పక్కింటికెళ్ళి ఫోన్ చేస్తాను. అందాకా ప్రార్థనలో..."

"మీరు చేసుకోండి. రెండూ మీరే చేసుకోండి," అని ఆయన చెయ్యి విదిలించాను.

వెనక్కి వెళ్ళి దిమ్మిస తెచ్చాను. కుడిచెయ్యి పట్టు చిక్కడం లేదు, కర్రని చంకలో ఇరికించుకుని ఎడమచేత్తో ఎత్తాను. మొదటి దెబ్బకి గాజు బీటలు వారింది. రెండో దెబ్బకి తలుపు మొత్తం జలజలా రాలింది. తెర గాలికి లోపలికి ఎగిరింది.

వంటగది గుమ్మంలో నిలబడి ఉంది లూసీ. కట్టు ఊడి భుజం మీద వేలాడుతోంది, చెవి పక్కనుంచి నెత్తురు కారుతోంది. దాని వెనక, గోడ చాటున, వాడి మొహం కనబడటం లేదు. మెడ చుట్టూ ఉన్న చెయ్యి మాత్రం కనబడుతోంది.

"రావొద్దక్కా," అంది. "వస్తే నన్ను చంపేస్తానంటున్నాడు. బయటికి పొమ్మంటున్నాడు. అంతా నీ తప్పేనని మళ్ళీ ఒకసారి పోలీసుకి చెప్పమంటున్నాడు. చెప్తానను అక్కా. చెప్తానని అను."

వాడు చెప్పిస్తున్న మాటలవి. కానీ అది కళ్ళార్పకుండా నా వైపే చూస్తూ, వాడికి కనబడకుండా, తలని అడ్డంగా ఊపుతోంది. వద్దు, వద్దు, చెప్పొద్దు అని.

"చెప్పను," అన్నాను, వాడికి వినబడేలా. గాజు పెంకుల మీద అడుగేసి లోపలికి దిగాను.